లోతైన చల్లటి నీళ్ళలో పనికి ఏ హెల్మెట్: ఫైబరా, స్టీలా?

గుంటూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఐటీఐలో వెల్డింగ్ చేశారు. 2024 సెప్టెంబరు వరదల్లో ప్రకాశం బ్యారేజీ గేట్లకు అడ్డంపడ్డ పడవలను నీళ్ళలో మునిగి కోసిన డైవర్లను చూసి ఈ లైన్‌లోకి వచ్చారు. డైవింగ్ కోర్సు పూర్తయింది. ఇప్పుడు విదేశాల్లో చల్లటి సముద్రాల్లో, 100 మీటర్లు దాటిన లోతు పనులకు వెళ్ళాలని ఉంది. "అంత లోతుకి, అంత చలికి ఫైబర్ గ్లాస్ హెల్మెట్ ఆగుతుందా, స్టెయిన్‌లెస్ స్టీలే తీసుకోవాలా? స్టీలు తలకి చలి ఎక్కిస్తుందంటున్నారు, నిజమేనా? ముంబైలో ఒకాయన పాత ఫైబర్ హెల్మెట్ అమ్ముతానంటున్నారు, కొనమంటారా?" అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. లోతు కోసమో చలి కోసమో షెల్ (హెల్మెట్ పైడొప్ప) దేనితో చేశారో చూసి హెల్మెట్ ఎంచుకోకండి. ఫైబర్ గ్లాస్ అయినా స్టీలు అయినా రెండూ ఆ పనికి సరిపోతాయి. చల్లటి నీళ్ళలో మనిషిని కాపాడేది మీరు పీల్చే గ్యాస్ ఎంత పొడిగా, ఎంత వెచ్చగా వస్తోందన్నది, రెగ్యులేటర్ (ఊపిరి తీసినప్పుడు గ్యాస్ అందించే భాగం) గడ్డకట్టకుండా ఏ ఏర్పాటు ఉందన్నది. రెండిట్లో ఒకటి తప్పనిసరిగా చెప్పమంటే, మోటు పనికీ ఏళ్ళ తరబడి వాడకానికీ నేను స్టీలు వైపే మొగ్గుతాను. కానీ దానికి కారణం చలి కాదు, రిపేరు. అది కింద చెబుతాను.

నాది విజయవాడ, కృష్ణలంక. 21 ఏళ్ళు నీళ్ళలో పని చేశాను, ఇప్పుడు పైన సూపర్‌వైజర్‌గా ఉంటున్నాను. ముంబై హై, కేజీ బేసిన్, హిమాచల్‌లో ఒక జలవిద్యుత్ ప్రాజెక్టు, కొన్ని సీజన్లు ఉత్తర సముద్రం. మూడు రకాల షెల్‌లూ నెత్తిన పెట్టుకున్నాను: ఇత్తడి, ఫైబర్, స్టీలు.

లోతు సంగతి త్వరగా తేల్చేద్దాం. చాలామంది కొత్తవాళ్ళు హెల్మెట్‌ని జలాంతర్గామి గోడలాగా ఊహించుకుంటారు. ఎంత లోతుకి వెళ్తే అంత మందం కావాలనుకుంటారు. అది పొరపాటు. హెల్మెట్ లోపలి గ్యాస్ ఒత్తిడి ఎప్పుడూ బయటి నీళ్ళ ఒత్తిడికి సమానంగా ఉంటుంది. 130 మీటర్ల దగ్గర బయట సుమారు 14 బార్ ఉంటే లోపలా అంతే. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ సీసాను లోతుకి తీసుకెళ్తే నలిగి చితికిపోతుంది. అదే సీసాను మూతి తెరిచి బోర్లించి, దిగుతున్నకొద్దీ లోపలికి గాలి పంపుతూ ఉంటే దాని ఆకారం చెక్కు చెదరదు. మన హెల్మెట్ రెండో రకం. అందుకే 20 మీటర్లకు వాడే షెల్‌నే 200 మీటర్లకూ వాడతారు.

ఆ సమతూకం చెడేది అంబిలికల్, అంటే పైనుంచి డైవర్‌కి గ్యాస్ తెచ్చే గొట్టాల కట్ట, పైన ఎక్కడో తెగినప్పుడు. అప్పుడు హెల్మెట్‌లో ఉన్న గ్యాస్ హోస్‌లోంచి వెనక్కి పైకి పోతుంది, నీళ్ళ ఒత్తిడి ముఖాన్ని హోస్ వైపు పీల్చేస్తుంది. అలా జరగకుండా ఆపేది సైడ్ బ్లాక్ (గ్యాస్ హెల్మెట్‌లోకి వచ్చే పక్క లోహ భాగం) దగ్గరుండే చిన్న నాన్ రిటర్న్ వాల్వ్ ఒక్కటే, అది గ్యాస్‌ని లోపలికే రానిస్తుంది, వెనక్కి పోనివ్వదు. షెల్ ఎంత గట్టిదైనా ఆ వాల్వ్ పని చేయకపోతే ప్రయోజనం లేదు. రోజూ డైవ్‌కి ముందు ఆ వాల్వ్ పరీక్షించకుండా ఏ హెల్మెట్టూ తలకి ఎక్కించకండి.

బరువు గురించి కూడా ఒక అపోహ ఉంది. ఫైబర్ కాబట్టి తేలిక, మెడ మీద భారం పడదు అని అమ్మేవాళ్ళు చెబుతుంటారు. ఖాళీ బిందెను కృష్ణలో ముంచి చూడండి, పైకి తన్నుకొస్తుంది. హెల్మెట్ కూడా అంతే. అది ఎన్ని లీటర్ల నీళ్ళను పక్కకు తోస్తుందో ఇంచుమించు అన్ని కిలోల బరువు ఉంటేనే నీళ్ళలో తల మీద నిలకడగా కూర్చుంటుంది. షెల్ తేలికగా ఉంటే ఆ లోటు భర్తీకి విడిగా బరువులు బిగిస్తారు. షెల్ బరువుగా ఉంటే ఆ బరువులు తగ్గుతాయి. చివరికి ఇప్పుడు వాడుకలో ఉన్న హెల్మెట్లు చాలావరకు 12 నుంచి 15 కిలోల మధ్యే తేలతాయి. ఎత్తి చూసి ఎంచుకోకండి, నీళ్ళలో తల అటూ ఇటూ తిప్పి చూసి ఎంచుకోండి.

ఇక అసలు విషయం, చలి.

స్టీలు తలకి చలి ఎక్కిస్తుందన్న మాటలో కొంత నిజం ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఫైబర్ గ్లాస్ కంటే సుమారు 50 రెట్లు ఎక్కువగా వేడిని పోనిస్తుంది. రాగి అయితే స్టీలు కంటే మరో 25 రెట్లు. అమెరికా నేవీ 1916 నుంచి 1980ల దాకా వాడిన మార్క్ 5 హెల్మెట్ రాగితో చేసిందే. మెడ కింది బ్రెస్ట్ ప్లేట్‌తో కలిపి 25 కిలోలు. అందులో లోపలి గోడకి చెమట ఎలా కారేదో పాతవాళ్ళు చెబితే విన్నాను. కానీ తల షెల్‌కి ఆనుకుని ఉండదు కదా. మధ్యలో కుషన్ ఉంటుంది, హుడ్ (తలని కప్పే తొడుగు) ఉంటుంది, గ్యాస్ పొర ఉంటుంది. గాలి పీల్చే డైవ్‌లలో వేడిని అడ్డుకునేది ప్రధానంగా ఆ పొరలే. స్టీలు గ్లాసులో మజ్జిగ తాగితే వేళ్ళకి చల్లగా తగులుతుంది. అదే గ్లాసుని మందపాటి తువ్వాలుతో పట్టుకుంటే గ్లాసు స్టీలుదో ప్లాస్టిక్‌దో వేలికి తెలియదు. హీలియం పీల్చే లోతుల్లో ఈ తేడా కొంచెం పెరుగుతుంది, ఎందుకంటే హీలియం గాలి కంటే దాదాపు 6 రెట్లు ఎక్కువగా వేడిని తీసుకుపోతుంది. కానీ ఆ లోతుకి వెళ్ళేసరికి మీ ఒంటి మీద పైనుంచి పంపే వేడినీళ్ళు పారే హాట్ వాటర్ సూట్ ఉంటుంది. దాని ముందు షెల్ తేడా లెక్కలోకి రాదు.

మెటీరియల్ నిజంగా ముఖ్యమయ్యే చోటు ఒకటుంది, దాని గురించి ఎవరూ అడగరు. అది రెగ్యులేటర్. మన ఆటోనగర్‌లో లారీ టైరు గాలి ఒక్కసారిగా వదిలేటప్పుడు వాల్వ్ పట్టుకుని చూడండి, చేతికి చల్లగా తగులుతుంది. ఒత్తిడిలో ఉన్న గ్యాస్ ఒక్కసారిగా వ్యాకోచించినప్పుడు చల్లబడుతుంది. హెల్మెట్ రెగ్యులేటర్‌లో మీరు ఊపిరి తీసుకున్న ప్రతిసారీ అదే జరుగుతుంది. బయట నీళ్ళు 3 డిగ్రీల దగ్గర ఉంటే, వ్యాకోచించిన గ్యాస్ సున్నాకు చాలా కిందకి పోతుంది. మీరు వదిలే ఊపిరిలో తేమ ఉంటుంది. ఆ తేమ గ్యాస్ దారిని తెరిచే లోపలి మీట (లివర్) మీద, నాజిల్ మీద మంచుగా పేరుకుంటుంది. లివర్ తెరుచుకున్న చోటే ఇరుక్కుపోతుంది. గ్యాస్ ఆగకుండా వచ్చేస్తుంది. ఇదే ఫ్రీ ఫ్లో.

ఇక్కడ లోహమే మేలు. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ ఆలోచించండి. 3 డిగ్రీల నీళ్ళు మన ఒంటికి చలి, కానీ సున్నాకు దిగువన ఉన్న ఆ గ్యాస్‌తో పోలిస్తే అవి వెచ్చనివి. ఇత్తడి బాడీ ఉన్న రెగ్యులేటర్ చుట్టూ ఉన్న నీళ్ళ నుంచి ఆ కాస్త వేడినీ లోపలికి లాగి మంచు పట్టకుండా చూస్తుంది. ప్లాస్టిక్ బాడీ ఆ వేడిని రానివ్వదు. చల్లటి నీళ్ళకి రెగ్యులేటర్ బాడీ లోహంతో ఉండాలి. షెల్ విషయంలో ఎలా ఉన్నా ఈ విషయంలో రాజీపడకండి. ఇంకో మాట, మంచినీళ్ళ డ్యామ్‌లో ఈ బెడద సముద్రంలో కంటే ఎక్కువ. ఉప్పునీళ్ళు గడ్డకట్టడానికి సుమారు మైనస్ 1.9 డిగ్రీల దాకా దిగాలి, మంచినీళ్ళు సున్నా దగ్గరే గడ్డకడతాయి.

హిమాచల్‌లో నాకు ఎదురైన ఒక అనుభవం చెబుతాను. జనవరి నెల, ఇన్‌టేక్ (నీళ్ళు లోపలికి వెళ్ళే ద్వారం) దగ్గర చెత్త ఆపే జాలీ పరిశీలన. నీళ్ళు 3 డిగ్రీలు, పొద్దున డెక్ మీద సున్నాకు దిగువన. ఇద్దరం డైవర్లం. నాది ఫైబర్ హెల్మెట్, ఇంకొకతనిది స్టీలు. 22 మీటర్ల దగ్గర నా రెగ్యులేటర్ ఫ్రీ ఫ్లోలోకి వెళ్ళిపోయింది. చెవుల్లో ఒకటే హోరు, పైవాళ్ళు ఏం చెబుతున్నారో వినపడదు, ముక్కుకీ పళ్ళకీ ఐసు గాలి. అడ్జస్ట్‌మెంట్ నాబ్ లోపలికి తిప్పాను, స్టెడీ ఫ్లో (హెల్మెట్‌లోకి నేరుగా గ్యాస్ వదిలే వాల్వ్) కొంచెం తెరిచాను, డైవ్ ఆపి పైకి వచ్చాను. పక్కతని స్టీలు హెల్మెట్ మాత్రం బాగానే పని చేసింది. ఇంకేముంది, డెక్ మీద అందరూ స్టీలే మంచిదని తేల్చేశారు.

నాకు మనసొప్పలేదు. మర్నాడు సూపర్‌వైజర్‌ని ఒప్పించి అంబిలికల్స్ మార్చి తక్కువ లోతులో పరీక్షించాం. ఈసారి గడ్డకట్టింది స్టీలు హెల్మెట్ రెగ్యులేటర్. దోషం షెల్‌ది కాదు, నా అంబిలికల్‌ది. ముందురోజు రాత్రి దాన్ని ఖాళీ చేసి ఆరబెట్టకుండా డెక్ మీదే వదిలేశారు. కంప్రెసర్ ఫిల్టర్ కూడా మార్చాల్సిన గడువు దాటిపోయింది. గాలితో పాటు తేమ వస్తోంది, ఆ తేమ రెగ్యులేటర్‌లో మంచు అవుతోంది. ఫిల్టర్ మార్చి, లైను పొడిగాలితో ఊది, హెల్మెట్లను రాత్రిపూట హీటర్ ఉన్న కంటైనర్‌లో పెట్టడం మొదలుపెట్టాం. మిగిలిన తొమ్మిది రోజులూ ఒక్కసారి కూడా గడ్డకట్టలేదు. అదే ఫైబర్, అదే స్టీలు.

అప్పటినుంచి చల్లటి చోట్ల నేను పట్టుబట్టేది ఒక్కటే: నీళ్ళలోకి దిగకముందు, సున్నాకు దిగువన ఉన్న గాలిలో నిలబడి రెగ్యులేటర్‌తో ఊపిరి తీయొద్దు, గ్యాస్ చేత్తో వదిలే పర్జ్ బటన్ నొక్కొద్దు. డెక్ మీదే లోపల మంచు మొదలవుతుంది, కింద బయటపడుతుంది. పరీక్షలన్నీ వెచ్చటి చోట చేసుకుని రండి. నీళ్ళు మరీ గడ్డకట్టే దగ్గర ఉంటే రెగ్యులేటర్ చుట్టూ వేడినీళ్ళు పారించే తొడుగు, దాన్నే హాట్ వాటర్ ష్రౌడ్ అంటారు, అది ఉండి తీరాలి.

ఇప్పుడు మీరు అడిగిన లోతుకి వద్దాం. గాలి పీల్చుకుంటూ పని చేసేది సాధారణంగా 50 మీటర్ల దాకానే. అది దాటితే హీలియం కలిపిన గ్యాస్. 100 మీటర్లు దాటిన పనులంటే ఇంచుమించు అన్నీ శాచురేషన్, అంటే రోజుల తరబడి ఒత్తిడిలోనే ఉంటూ, డైవర్లను కిందకి దించే గది అయిన బెల్ నుంచి బయటికి వెళ్ళి పని చేయడం. ఆ లోతులో గ్యాస్ సాంద్రత బాగా పెరుగుతుంది. అంటే ఒక్కో ఊపిరీ మీ ఊపిరితిత్తుల నుంచి మోసుకెళ్ళే వేడి కూడా పెరుగుతుంది. ఒళ్ళంతా వేడినీళ్ళ సూట్‌లో హాయిగా ఉన్నా, పీల్చే గ్యాస్ చల్లగా ఉంటే లోపలి నుంచి చలి పడుతుంది. పైన వణుకు కూడా తెలియకుండా ఒంటి వేడి పడిపోవచ్చు. ఛాతీ బిగుసుకుంటుంది, కఫం ఊరుతుంది, ఊపిరి చాలదు. అందుకే ఉత్తర సముద్రంలో 150 మీటర్లు దాటితే పీల్చే గ్యాస్‌ను వేడి చేసి ఇవ్వడం తప్పనిసరిగా పాటిస్తారు. నన్నడిగితే నీళ్ళు 10 డిగ్రీలకు తక్కువైతే అంతకంటే చాలా ముందే అడగాలి.

అక్కడ 130 మీటర్ల దగ్గర ఒకసారి నాకు వేడినీళ్ళు ఆగిపోయాయి. కింద నీళ్ళు 6 డిగ్రీలు. ముందు వీపు మీద గోరువెచ్చగా మారింది. ఆ వెంటనే, బహుశా రెండు నిమిషాలు కూడా కాలేదు, ఛాతీలో రాయి పెట్టినట్టయింది. చేతులు ఇంకా బాగానే ఉన్నాయి, పని చేయగలననే అనిపిస్తోంది, కానీ సూపర్‌వైజర్‌తో మాట్లాడుతుంటే మాట మధ్యలో తెగిపోతోంది. నా గొంతు విని ఆయనే చెప్పారు, పనిముట్లు అక్కడే వదిలి వెంటనే బెల్‌లోకి వెళ్ళమని. ఆ రోజు నా తల మీద ఉన్నది ఫైబర్ షెల్, వేడిని బాగా ఆపే మెటీరియల్. అది నాకు ఏ సాయమూ చేయలేదు. వేడినీళ్ళు ఆగడం అంటే ఆ లోతులో ఎమర్జెన్సీ. "కాసేపు చూద్దాం" అనుకోకూడదు. బెయిలవుట్ బాటిల్ (డైవర్ వెంట ఉండే అత్యవసర సిలిండర్) గ్యాస్‌కి కూడా వేడి ఉండదన్నది గుర్తుంచుకోండి.

సరే, షెల్ మెటీరియల్ ఎక్కడా లెక్కలోకి రాదా అంటే వస్తుంది. నేను చూసినంతలో ఇవి.

ఫైబర్ గ్లాస్‌కి చలిలో ఉన్న అసలు బలహీనత పగుళ్ళు. పైన జెల్‌కోట్ అనే గట్టి నున్నటి పొర ఉంటుంది. హెల్మెట్ డెక్ మీద ఒక దెబ్బ తింటే దాని మీద జుట్టంత గీత పడుతుంది. కృష్ణలోనో కాకినాడ తీరంలోనో అయితే ఆ గీత ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోవచ్చు. చలి దేశంలో పగలు ఆ గీతలోకి నీళ్ళు చేరతాయి, రాత్రి డెక్ మీద అవి గడ్డకట్టి ఉబ్బుతాయి, పగులు కొంచెం తెరుచుకుంటుంది. మర్నాడు ఇంకొంచెం. ఇలా ఒక హెల్మెట్‌కి ఫేస్ పోర్ట్ (ముఖం ముందుండే అద్దం) అంచు దగ్గర తెల్లటి చార రావడం చూశాను. వేలితో తడితే చుట్టూ ఒక శబ్దం, అక్కడ ఒక శబ్దం. లోపల పొరలు విడిపోయాయి. దాన్ని వెంటనే పక్కన పెట్టించాను.

స్టీలుకి ఆ బాధ లేదు. గీతలు పడతాయి, సొట్ట పడినా కంటికి కనిపిస్తుంది, దాచుకోదు. నేను స్టీలు వైపు మొగ్గడానికి కారణం ఇదే. చలి చోట్ల హెల్మెట్ రిపేరుకి పంపడమంటే వారాల పని ఆగిపోవడం. కానీ స్టీలు తుప్పు పట్టదనుకోకండి. ఉప్పునీళ్ళు నిలిచిపోయే సందుల్లో, గ్యాస్కెట్ కింద, స్క్రూ తలల చుట్టూ సూది గుచ్చినట్టు గుంటలు పడతాయి. ప్రతిరోజూ మంచినీళ్ళతో కడిగి తుడవాల్సిందే. ఇంకో ఇబ్బంది, రాత్రంతా చలిలో ఉన్న స్టీలు హెల్మెట్‌ని పొద్దున్నే తలకి పెట్టుకుంటే మొదటి పది నిమిషాలు నరకం. హీటర్ ఉన్న గదిలో పెడితే ఆ ఇబ్బంది ఉండదు.

మీరు వెల్డర్ కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను. నీళ్ళలో కరెంటుతో కోసేటప్పుడు, వెల్డింగ్ చేసేటప్పుడు ఆ కరెంటు దారిలో మీ హెల్మెట్ ఉంటే దాని లోహ భాగాలను తినేస్తుంది. ఇత్తడి మీది క్రోమ్ పూత పోయి కింద రంగు మారుతుంది. షెల్ ఫైబర్ అయినా సైడ్ బ్లాక్, నెక్ రింగ్ (మెడ దగ్గరి రింగు) లోహమే కాబట్టి ఫైబర్ వాడితే ఏమీ కాదనుకోవద్దు. ఎర్త్ క్లాంపును పని చేసే చోటికి దగ్గరగా బిగించండి, మీరు ఎప్పుడూ ఎలక్ట్రోడ్‌కీ క్లాంపుకీ మధ్యలో నిలబడకండి, కోయడం లేనప్పుడు పైన నైఫ్ స్విచ్ తెరిచి కరెంటు ఆపి ఉంచమనండి.

ఇక కొనే విషయం. నిజం చెప్పాలంటే 100 మీటర్లు దాటిన పనికి మీరు సొంత హెల్మెట్ కొనాల్సిన అవసరం దాదాపు రాదు. హీలియం ఖరీదు కాబట్టి వదిలిన ఊపిరిని వెనక్కి పైకి పంపి శుద్ధిచేసి మళ్ళీ వాడే రిక్లెయిమ్ హెల్మెట్లు అక్కడ వాడతారు. అవి ఆ సిస్టమ్‌తో పాటు కంపెనీవే. లక్షలు పోసి ఇక్కడ కొన్న హెల్మెట్‌ని అక్కడ బెల్‌లోకి రానివ్వరు. మీకు ముందు కావాల్సింది గాలితో చేసే పనుల్లో అనుభవం, లాగ్‌బుక్‌లో గంటలు, ఆ తరవాత బెల్ కోర్సు. ఆ డబ్బు దానికి దాచుకోండి. ఇంటర్వ్యూలో హెల్మెట్ మోడల్ అడగడం కంటే వేడినీళ్ళకి రెండో మిషన్ స్టాండ్‌బైలో ఉందా, గ్యాస్ హీటింగ్ ఏ లోతు నుంచి ఇస్తారు, హెల్మెట్ల సర్వీసు రికార్డు చూపిస్తారా అని అడగండి. అవి అడిగినందుకు మిమ్మల్ని తక్కువగా చూసే కంపెనీ అయితే అక్కడికి వెళ్ళకపోవడమే మేలు.

ఇక్కడి డ్యామ్‌లలో, బ్యారేజీల దగ్గర గాలితో చేసే పనులకి సొంత హెల్మెట్ ఉంటే బాగుంటుందని మీకు అనిపిస్తే, ఆ ముంబై ఫైబర్ హెల్మెట్ తీసుకోవచ్చు. కానీ ముందు దాని సర్వీసు పుస్తకం అడగండి. పుస్తకం లేకపోతే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. షెల్ మీద ఎక్కడైనా రంగు కొత్తగా వేసినట్టుంటే అనుమానించండి. కారు బంపర్‌కి పెట్టినట్టు పుట్టీ పెట్టి రంగు కొట్టిన హెల్మెట్లు నేను రెండు చూశాను. ఫైబర్ షెల్ రిపేరు ఆ హెల్మెట్ తయారీదారు గుర్తించిన టెక్నీషియన్ మాత్రమే చేయాలి. లోపలి కుషన్ తీసేసి టార్చ్ వేసి చూడండి, స్క్రూలు బిగించే చోట ఇన్సర్ట్‌ల చుట్టూ గీతలున్నాయేమో వేలితో తడిమి చూడండి. నాణెంతో మెల్లగా తట్టుకుంటూ పోతే పొరలు విడిన చోట శబ్దం మొద్దుగా మారుతుంది.

అమ్మే ఆయన్ని ఫేస్ పోర్ట్ చుట్టూ, నెక్ రింగ్ కూర్చునే అంచు దగ్గర, సైడ్ బ్లాక్ విప్పి దాని వెనక షెల్ దగ్గర పగటి వెలుతురులో ఫొటోలు తీసి పంపమనండి. అవి ఇక్కడ పెట్టండి, చూసి తీసుకోవచ్చో లేదో చెబుతాను. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకండి.